నిప్పును మోసిన మట్టి

దక్కన్ ఉక్కు గాథ – 5వ భాగం

గోల్కొండ కాలపు ప్రయాణికులు మన ఇనుము గురించి ఏమి రాశారో గత భాగంలో చూశాం. 1666–67 ప్రాంతంలో ఈ దారిన వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు తయారై దేశమంతా అమ్ముడయ్యేవని నమోదు చేశాడు. వజ్రాల వర్తకుడు టావెర్నియే, నీటి అలల్లాంటి గీతలు తేలే కత్తులకు కావలసిన ఉక్కు గోల్కొండ సీమ నుంచే పర్షియాకు వెళ్లేదని చెప్పాడు. చిన్న రొట్టె ముద్దంత ఉండే ఆ ఉక్కు ఎలాంటి కుండలో పుట్టిందో ఈ వారం చూద్దాం.

పాట్ మార్కెట్‌లో ఒక సాయంత్రం

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌కు ఎప్పుడు వెళ్లినా నా మనసు ఆ పేరు మీదికే పోతుంది. పేరులో కుండ ఉంది, దుకాణాల నిండా బంగారం ఉంది. అద్దాల వెలుగులు దాటి వెనక సందుల్లోకి వెళితే కుండ కూడా కనిపిస్తుంది. అయితే అది అరచేతిలో ఇమిడేంత కుండ. దాని పేరు మూస.

కిందటి నెల ఒక సాయంత్రం అలాంటి ఒక గదిలో గడప పక్కన కూర్చున్నాను. అవుసుల పని చేసే పెద్దాయన మూసలో ఒక తెగిన గొలుసు, రెండు కమ్మలు వేసి, చిటికెడు వెలిగారం చల్లి మంట పెట్టాడు. మూస ముందు ఎర్రబడింది, తర్వాత నారింజ రంగుకు తిరిగింది. లోపలి ముక్కలు ఒకదాని మీదికి ఒకటి కుంగి, చూస్తుండగానే నిగనిగలాడే ఒక్క బొట్టుగా చేరాయి. "మూస మంచిగుంటే బంగారం యాడికి పోదు సార్. మూస పలిగిందనుకో, అంత బూడిదపాలే" అన్నాడాయన, మంట మీది నుంచి చూపు తిప్పకుండానే.

ఆ మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కర్బనం చేరేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. మేలిరకం దక్కన్ ఉక్కులో కర్బనం దాదాపు 1.5 శాతం. అయినా అది పూర్తిగా ద్రవం కావడానికి 1400 డిగ్రీలు దాటాల్సిందే. మన ఇళ్లలో నీళ్లు పోసుకునే కుండను ఆ వేడిలో పెడితే ముందు మెత్తబడుతుంది, తర్వాత కుంగుతుంది, చివరికి తానే గాజులా కారిపోతుంది. మరి కరిగిన ఉక్కును ఒక పగలూ ఒక రాత్రీ మంట మధ్య పట్టి నిలిపిన కుండను ఏ మట్టితో చేశారు?

మన ఉక్కు మాట వస్తే కత్తిని పొగుడుతాం. కత్తిని సాగగొట్టిన కమ్మరిని పొగుడుతాం. ఖనిజాన్ని ఇచ్చిన గుట్టను పొగుడుతాం. మూసను ఎవరూ తలచుకోరు. ఈ భాగం దాని కోసమే.

కోనసముద్రానికి వచ్చిన డాక్టరు

సికింద్రాబాద్‌లో మన్మాడ్ వైపు వెళ్లే రైలెక్కితే బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి దాటాక ఇందల్వాయి స్టేషన్ వస్తుంది. థెవెనో చూసిన ఊరు అదే. డిచ్‌పల్లి, నిజామాబాద్ కూడా దాటి, ఆర్మూర్ మీదుగా జగిత్యాల రోడ్డు పట్టుకుంటే కమ్మర్‌పల్లి చేరతాం. పేరులోనే కమ్మరిని దాచుకున్న ఆ మండలంలోని ఊరే కోనసముద్రం.

దాదాపు రెండు వందల ఏళ్ల కింద ఆ ఊరికి ఒక ఇంగ్లీషు డాక్టరు వచ్చాడు. పేరు హెన్రీ వెస్లీ వాయిసీ. విలియం లాంబ్టన్ నడిపిన గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేలో 1818లో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా చేరాడు. సర్వే దండు హైదరాబాద్ కేంద్రంగా పని చేస్తున్న రోజులవి. సికింద్రాబాద్ కంటోన్మెంటు పుట్టి పన్నెండేళ్లే అయింది. దండుతో ఊరూరూ తిరుగుతూ వాయిసీ నిజాం రాజ్యంలోని రాళ్లను పరిశీలించాడు, నమూనాలు ఏరాడు, పటాలు గీశాడు. 1824లో కలకత్తాకు వెళ్తూ దారిలోనే కన్నుమూశాడు. ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 1832లో, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన రాతల్లోంచి కొన్ని పుటలు అచ్చయ్యాయి. దక్షిణ దేశంలో ఉక్కు తయారీని వర్ణించే ఆ పుటల్లో ఉన్నది కోనసముద్రమే.

కొలిమి దగ్గర వాయిసీకి ఒక పర్షియా వర్తకుడు తారసపడ్డాడు. పేరు హాజీ హుసేన్, ఊరు ఇస్ఫహాన్. సముద్రం దాటి, దక్కన్ రోడ్ల మీద వారాలకు వారాలు ప్రయాణించి వచ్చిన మనిషి. సరుకు కొని మూటగట్టుకుని పోవడం ఒక్కటే ఆయన పని కాదు. ఇనుము పాళ్లు తూచేటప్పుడు దగ్గర నిలబడేవాడు, తయారైన ముద్ద ఏపాటి సాగుతుందో కళ్లారా చూసి తీసుకునేవాడు. ఈ ఊరూ తెలుసు, పద్ధతీ తెలుసు, అయినా మా దేశంలో ఎంత ప్రయత్నించినా ఇలాంటి ఉక్కు రాలేదని ఆయన వాయిసీతో చెప్పాడు.

పద్ధతి తెలిసినవాడికి కూడా పని ఎందుకు సాగలేదు? ముడిసరుకు దగ్గర మొదలుపెట్టి చూద్దాం.

రెండు ఇనుములు, ఒక పాలు

తెలంగాణ వాగుల్లో వాన వెలిశాక ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. పిల్లవాడి చేతిలోని అయస్కాంతం ఆ చార మీద ఆడిస్తే, చీమల బారులా నల్ల రేణువులు లేచి అంటుకుంటాయి. అది మాగ్నెటైట్, ఇనుప ఖనిజాల్లో మేలుజాతిది. రాళ్లలో చెదురుగా ఉన్న ఈ రేణువులను ఎండా వానా విడదీస్తాయి, వాగు కడిగి ఒక చోట చేరుస్తుంది. గని తవ్వే పనిలో సగం ప్రకృతే చేసిపెట్టినట్టు. మిగతా సగం నీళ్లలో గాలించి తేలిక ఇసుకను పారబోసే మనుషులది, వాళ్ల ఓపికది.

ఆ ఖనిజాన్ని బొగ్గుతో కలిపి మట్టి కొలిమిలో వేసి తిత్తులతో ఊదితే, ఇనుము కరగకుండానే ముద్ద కడుతుంది. రాతి మలినాలు మాత్రం కరిగి కిందికి జారి చిట్టెంగా గడ్డకడతాయి. ఈ ముద్దలు తీసే వాళ్లను ఉత్తర తెలంగాణలో ముద్ద కమ్మరులు అనేవారు. కర్రు, గొడ్డలి, కత్తి చేసే కమ్మరి వేరు, ఖనిజం నుంచి ముద్ద తీసేవాడు వేరు. నేడు రెండు పరిశ్రమలుగా ఉన్న పనులు ఆనాడు రెండు ఇంటిపనులుగా విడిపోయి ఉండేవి.

కోనసముద్రం పనివాళ్లు తమ మూసలోకి ఒకే ఇనుమును వేయలేదు. వాయిసీ రాతల్లో రెండు ఊళ్ల పేర్లు వస్తాయి, మిర్త్‌పల్లి, కొండపూర్. మొదటిది నల్ల ఇసుక నుంచి తీసిన ఇనుము. రెండోది తుప్పురంగు మట్టిరాతి పొరల్లో దొరికే ఖనిజం నుంచి తీసినది. పర్షియన్లు కోరే ఉక్కుకు మొదటిది మూడు పాళ్లు, రెండోది రెండు పాళ్లు. ముక్కలు చేసి మూసలో నింపి కొద్దిగా గాజు వేసేవారు. కరిగిన గాజు ఉక్కు మీద మూతలా పరుచుకుని గాలి తగలకుండా కాస్తుంది. పాట్ మార్కెట్ పెద్దాయన చల్లిన వెలిగారం చేసే పనీ అదే జాతిది.

వాయిసీ ఇంకో సంగతి కూడా గమనించాడు. మూసలో విడిగా బొగ్గు వేయలేదు. దక్షిణాన సేలం, మైసూరు సీమల్లో పద్ధతి వేరు. అక్కడ మెత్తని ఇనుము ముక్కతో పాటు ఎండు తంగేడు కర్ర పెట్టి, జిల్లేడు వంటి పచ్చి ఆకులు కప్పి మూస మూసేవారు. కర్ర, ఆకు మాడి ఇచ్చిన కర్బనమే ఇనుమును ఉక్కు చేసేది. బతుకమ్మలో మనం పేర్చే తంగేడుకు అలా ఒక కొలిమి చరిత్ర కూడా ఉంది. కోనసముద్రంలో ఆ పని ఇనుము మీదే పడింది. కర్బనం ఎక్కువున్న ఇనుము, తక్కువున్న ఇనుము కలిసి కరిగి, సరైన పాలు దగ్గర సమానమయ్యాయని నేటి లోహశాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని వివరిస్తారు.

కత్తి మీద తేలే అలల గుట్టు కూడా ముడిసరుకులోనే ఉందని అమెరికా పరిశోధకులు వెర్‌హోవెన్, పెండ్రే 1998లో వాదించారు. ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వనేడియం వంటి మూలకాలే కర్బన సమ్మేళనాలను వరుసలుగా పేర్చాయని, అవి లేని ఇనుముతో ఎంత నేర్పరి సాగగొట్టినా అలలు తేలవని వాళ్ల ప్రయోగాలు చెప్పాయి. ఆ లెక్కన ఇస్ఫహాన్‌లో పని సాగకపోవడానికి ఒక కారణం మన వాగుల ఇసుకలోనే ఉండి ఉంటుంది.

ఊక లేని మూస నిలవదు

ఇక మూస సంగతి. నిప్పులో కరగకుండా, కరిగినదాన్ని కారనివ్వకుండా నిలిచే పదార్థాలను నేటి పరిశ్రమ రిఫ్రాక్టరీలు అంటుంది. కొలిమి లోపలి ఇటుక, పూత, మూస, కరిగిన ఉక్కును మోసే ల్యాడిల్ లోపలి గోడ, అన్నీ ఆ కుటుంబానివే. కోనసముద్రం మూసలో వాయిసీ లెక్కపెట్టిన దినుసులు చూడండి. గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడిన మట్టి, పాత మూసల, పాత కొలిమి గోడల పొడి, వరి ఊక, నూనె.

ఇందులో ఏ ఒక్కటీ ఖరీదైనది కాదు. ఏ ఒక్కటీ ఊరికే వేసిందీ కాదు.

మట్టి నుంచి మొదలుపెడదాం. కుండలు చేసే ఎర్రమట్టిలో ఇనుము, సున్నం, క్షారాలు ఉంటాయి. అవే దాని బలహీనత, ఎందుకంటే వేడి పెరిగితే ముందు కరిగేవి అవే. గ్రానైటులోని ఫెల్‌స్పార్ వేల ఏళ్లు వానలో నాని, క్షారాలు కొట్టుకుపోగా మిగిలిన తెల్ల మట్టిలో అల్యూమినా, సిలికాలే ప్రధానం. దాన్ని గట్టిగా కాలిస్తే ముల్లైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు పుడతాయి. ముల్లైట్ 1800 డిగ్రీలు దాటినా నిలుస్తుంది. సున్నపు గోడలో జనపనార కలిపినట్టు, ఆ సూదులు మూస గోడను లోపలి నుంచి పట్టి ఉంచుతాయి.

పాత మూసల పొడి ఎందుకు? పచ్చి మట్టి కాలేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. ఒకసారి కాలిన మట్టి మళ్లీ కుంచించుకోదు. కాబట్టి కాలిన పొడి కలిపితే పగుళ్లు తగ్గుతాయి. నేటి ఫైర్ బ్రిక్ ఫ్యాక్టరీల్లో ఈ పొడిని గ్రాగ్ అంటారు, అది లేకుండా ఇటుక పోయరు. ఒక్క మూస ఒక్క ముద్ద కోసమే. ఉక్కు తీయాలంటే మూసను పగలగొట్టాల్సిందే. పగిలిన మూస దంచుడు పడి రేపటి మూసలోకి చేరేది.

ఇక ఊక. ఏ పసా లేని మాటలను ఊకదంపుడు అని తీసిపారేయడం మనకు అలవాటు. ధాన్యం ఇంటికి పోతే ఊక కళ్లంలో గాలికి పోతుంది. కోనసముద్రం మూసలో మాత్రం ఊకే కీలకం. వరి ఊకను కాలిస్తే దాని బరువులో అయిదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో తొంభై శాతం దాకా సిలికా ఉంటుంది. వరి మొక్క నేలలోంచి నీళ్లతో పాటు పీల్చి గింజ చుట్టూ కవచంగా కట్టుకున్న సిలికా అది. గాలి అందని చోట ఊక పూర్తిగా కాలదు. మట్టి లోపల మాడి, నల్లని కర్బన అస్థిపంజరంగా మిగిలిపోతుంది. కాబట్టి మూస గోడ నిండా సన్నని ఖాళీలు, ఆ ఖాళీల చుట్టూ సిలికా, వాటి పక్కనే కర్బనం. ఖాళీలు ఉండటం వల్ల వేడికి వ్యాకోచించే గోడకు చోటు దొరుకుతుంది, చప్పున పగలదు.

కర్బనం చేసే పని అంతకన్నా గొప్పది. ఇనుము తుప్పు సిలికాతో కలిస్తే 1200 డిగ్రీల దగ్గరే కరిగే చిట్టెం అవుతుంది. అంటే 1400 డిగ్రీల కొలిమిలో ఉన్న ఇనుప ముక్క మీది తుప్పు, మట్టి గోడను చెద పురుగులా తినేస్తుంది. గోడలో కర్బనం ఉంటే తుప్పులోని ఆక్సిజన్‌ను అది లాగేసుకుని, తుప్పును తిరిగి ఇనుముగా మార్చేస్తుంది. పైగా కర్బనాన్ని చిట్టెం తడపలేదు, తామరాకు మీది నీటి బొట్టులా జారిపోతుంది. మూసను బతికించింది ఈ రెండు గుణాలే.

అమెరికా పరిశోధకురాలు థెల్మా లోవ్ కోనసముద్రం మూస ముక్కలను ఏళ్ల తరబడి పరిశీలించారు. 1990లో సహచరులతో కలిసి ప్రచురించిన పత్రంలో ఆ మూస పదార్థాన్ని ముల్లైట్ పోగులతో బలపడిన సంయుక్త పదార్థంగా వర్ణించారు. విమాన ఇంజన్ల కోసం శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో వెతుకుతున్న తరహా కూర్పుకు ముందు రూపం నిజామాబాద్ జిల్లా దిబ్బల్లో దొరికిందన్నమాట.

అలాంటి ముక్కను చేతిలోకి తీసుకుంటే ఈ కథంతా దాని మీదే కనిపిస్తుంది. బయటి పక్క బొగ్గు బూడిద కరిగి కారిన గాజు పొర, నల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. లోపలి గోడ మీద, ఉక్కు ఎంత ఎత్తున నిలిచిందో చెబుతూ గాజు గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంటుంది. విరిగిన అంచున చూస్తే మట్టి బొగ్గులా నలుపు. ఆ నలుపులో వరి గింజ పొట్టు ఆకారంలోనే సన్నని గుంటలు. ఏ రైతు పొలంలోనో పండిన వరి, ఏ ఇంట్లోనో వండుకు తిన్న అన్నం, దాని ఊక ఇక్కడ ఉంది.

ఒక పగలు, ఒక రాత్రి

మూసలు చేయగానే కొలిమికెక్కవు. నీడలో, ఎండలో బాగా ఆరాలి. గోడలో తేమ మిగిలితే అది ఆవిరై మూసను పగలగొడుతుంది. నేటి ఉక్కు కర్మాగారంలోనూ కొత్త లైనింగ్ వేసిన ల్యాడిల్‌ను గంటల తరబడి సన్నమంట మీద ఆరబెట్టిన తర్వాతే పనిలోకి తీసుకుంటారు. తడి అంటే అక్కడ కూడా అంతే భయం.

ఆరిన మూసలను నింపి, మూతికి మట్టి మెత్తి, కొలిమిలో బొగ్గు మధ్య పేర్చేవారు. ఆ తర్వాత తిత్తులు ఆగకూడదు. ఇరవై నాలుగు గంటల పాటు ఊదుతూనే ఉండేవారని వాయిసీ రాశాడు. చేతులు మారతాయి, గాలి ఆగదు. ఉష్ణమాపకం లేని రోజుల్లో మంట రంగే కొలత, మూస పక్క నుంచి వచ్చే చప్పుడే కబురు. తర్వాత మూసలు బయటికి తీసి నేల మీద చల్లారనిస్తే, లోపల ఒక్కో ముద్ద సుమారు ఒకటిన్నర పౌండ్లు, అంటే దాదాపు 700 గ్రాములు తూగేది.

ఆ ముద్ద సమ్మెట దెబ్బ ఓర్వలేనంత గట్టిగా ఉండేది. దాన్ని మట్టితో కప్పి మళ్లీ కొలిమిలో పన్నెండు నుంచి పదహారు గంటలు పెట్టేవారు. చాలకపోతే రెండోసారి, మూడోసారి, నాలుగోసారి, అది సాగే గుణానికి వచ్చేదాకా. ఇక్కడ కూడా ముద్ద ఒంటిని కాపాడింది మట్టి పూతే.

మంట వెనక ఎంత అడవి కాలిందో కూడా చెప్పుకోవాలి. ఖనిజం నుంచి ముద్ద తీయడానికి బొగ్గు, ముద్దను మూసలో కరిగించడానికి బొగ్గు, కరిగినదాన్ని పదునుకు తేవడానికి మళ్లీ బొగ్గు. కొలిమి ఉన్న ఊరికి చుట్టూ అడవి ఉండి తీరాలి. ఆ అడవిలో చెట్టు కొట్టే హక్కు ఉండి తీరాలి.

లండన్, షెఫీల్డ్, మిడిల్స్‌బ్రో

మన ఉక్కు ముద్దలు 1794లో బొంబాయి నుంచి లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. పంపినవాడు డాక్టర్ హెలెనస్ స్కాట్. మరుసటి ఏడాది జార్జి పియర్సన్ వాటి మీద పత్రం చదివాడు. ఉక్కు అనే దక్షిణాది మాటే ఇంగ్లీషు వాళ్ల నోట వూట్జ్ అయింది. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819లో దాన్ని విశ్లేషించి, అందులో అల్యూమినా, సిలికా జాడలున్నాయని, ఉక్కు గొప్పతనానికి అవే కారణం కావచ్చని భావించాడు. కారణం అది కాదని తర్వాత తేలింది. అయినా ఆ రెండూ మూస మట్టికి ప్రాణమైన దినుసులే.

ఇంగ్లండ్‌లోనూ మూస కథ ఉంది. షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు 1740ల్లో మూసలో ఉక్కు కరిగించడం సాధించాడు. స్ప్రింగులకు మంచి ఉక్కు కోసం మొదలైన ప్రయత్నం అది. ఆయనకు కొన్నేళ్లు పట్టిన చిక్కు కూడా ఆ వేడికి నిలిచే మట్టి దొరకడమే. తర్వాత షెఫీల్డ్ మూసల కోసం మట్టిని మనుషులు ఉత్త కాళ్లతో గంటల కొద్దీ తొక్కేవారు. ఒక్క చిన్న రాయి మిగిలినా కాలికి తగలాలని.

కొలిమి గోడ మట్టి ఒక దేశపు భాగ్యాన్ని ఎలా మారుస్తుందో చూపే కథ 1879ది. బెస్సెమర్ 1856లో కనిపెట్టిన కన్వర్టర్ నిమిషాల్లో టన్నుల కొద్దీ ఉక్కు చేసేది. కానీ దాని లోపలి లైనింగ్ సిలికాది. ఖనిజంలో భాస్వరం ఉంటే అది ఉక్కులోనే ఉండిపోయి పెళుసు చేసేది. భాస్వరాన్ని పట్టుకోవాలంటే సున్నం కావాలి, సున్నం పోస్తే సిలికా గోడను తినేస్తుంది. సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ అనే యువకుడు కోర్టులో గుమస్తా పని చేస్తూ రాత్రులు రసాయన శాస్త్రం చదివి, దగ్గరి బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్ సాయంతో ఈ ముడి విప్పాడు. గోడకు సిలికా బదులు కాల్చిన డోలమైట్ వేశాడు. 1879లో మిడిల్స్‌బ్రోలో దాన్ని లోకానికి చూపించారు. ఆ తర్వాతే భాస్వరం నిండిన లొరేన్ ఖనిజం జర్మనీ, ఫ్రాన్సులకు సంపదైంది. మారినది గోడ ఒక్కటే.

రైలు మోసుకొచ్చిన ఇనుము

1874లో వాడి జంక్షన్ నుంచి రైలు మార్గం సికింద్రాబాద్ చేరింది. పట్టాలు తయారుచేసే కర్మాగారం అప్పటికి మన దేశంలో లేదు, టాటాల ఉక్కు వచ్చింది 1912లోనే. పట్టాలతో మొదలైన విదేశీ ఇనుము, రైలు పెట్టెల్లో బజారుదాకా వచ్చింది. కొలిమిలో ఒక్కో ముద్దకు ఒక పగలూ రాత్రీ పడుతుంటే, కన్వర్టర్‌లో టన్నులు పొంగుతున్నాయి. అడవుల మీద ఆంక్షలు వచ్చాయి. పర్షియా గిరాకీ తగ్గింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి మూసలు చల్లబడ్డాయి. గోదావరి లోయ రైలు మార్గం ఇందల్వాయి మీదుగా వేసే నాటికి ఆ ఊరి కత్తుల కథ పాతబడింది.

పనివాళ్లు ఏమయ్యారు? కొందరు వ్యవసాయ పనిముట్ల కమ్మరులుగా మిగిలారు, కొందరు వలస పోయారు. మట్టి ఏ గుట్టన తవ్వాలో, ఊక ఎంత పాలు కలపాలో తెలిసిన చేతులు ఆ ఎరుకను కాగితం మీద పెట్టలేదు. మనకు మిగిలింది వాయిసీ లాంటి వాళ్ల నాలుగు పుటలు, చిట్టెం దిబ్బలు, మూస ముక్కలు.

నేటి కొలిమిలోనూ అదే లెక్క

1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం వెనక 1966 ఉద్యమం, 32 మంది ప్రాణత్యాగం ఉన్నాయి. ఆ కథ మనందరికీ తెలుసు. ఆ కర్మాగారం వంటింటి సామాను ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి. ఇనుప ఖనిజం బైలాడిలా కొండల నుంచి. సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి. డోలమైట్ ఖమ్మం జిల్లా మాధారం నుంచి. మాంగనీసు చీపురుపల్లి వైపు గర్భాం నుంచి. థామస్ గోడగా వాడిన రాయి జాతిదే మాధారం రాయి. బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. ఆ పేర్లున్న కొలుముల లోపల ఇటుక గోడ సన్నబడితే, ఏ పేరూ కాపాడదు. కొలిమి ఆపి లైనింగ్ మార్చాల్సిందే.

పాల్వంచలో 1980లో మొదలైన స్పాంజ్ ఐరన్ కర్మాగారం, కోక్ బొగ్గు లేకుండా మామూలు బొగ్గుతోనే ఇనుము తీయవచ్చని మన దేశంలో మొదటిసారి చూపింది. కరగకుండానే ఖనిజం ఇనుము కావడం ముద్ద కమ్మరులు ఎరిగిన విద్యే. హైదరాబాద్ చుట్టుపక్కల ఇండక్షన్ ఫర్నేసుల్లో స్పాంజ్ ఐరన్, తుక్కు కలిపి కరిగిస్తారు. అక్కడ గోడ అంటే ర్యామింగ్ మాస్. దంచిన పలుగురాతి పొడికి కొద్దిగా బోరిక్ యాసిడ్ కలిపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి గట్టిపరుస్తారు. అది ఎన్ని హీట్లు, అంటే ఎన్నిసార్ల కరిగింపుకు నిలిచిందన్నదే ఆ ఫ్యాక్టరీ లాభనష్టాలను తేలుస్తుంది.

పెద్ద కర్మాగారాల కన్వర్టర్లలో, ల్యాడిల్స్‌లో గత నాలుగైదు దశాబ్దాలుగా వాడుతున్నవి మెగ్నీషియా, గ్రాఫైట్ కలిపిన ఇటుకలు. గోడలో కర్బనం ఎందుకంటారా? చిట్టెం తడపకూడదని, వేడికి పగలకూడదని. కోనసముద్రం మూసలో మాడిన ఊక చేసిన పనే అది.

ఊక కూడా ఇంకా పోలేదు. కరిగిన ఉక్కును పోత పోసే తొట్టిలో, దాని వేడి పైకి పోకుండా, గాలి తగలకుండా ఒక పొడిని కప్పుతారు. ప్రపంచంలో ఎన్నో కర్మాగారాల్లో నేటికీ ఆ పొడి వరి ఊక బూడిదే.

పాఠకులకు ఒక మనవి

మెటలర్జిస్టులు శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్, పురావస్తు పరిశోధకురాలు గిల్ జూలెఫ్ బృందం 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి ఈ కొలిమి స్థలాలను నమోదు చేసింది. మన ప్రొఫెసర్ ఎస్. జైకిషన్ అంతకు ముందు నుంచే ఊరూరా నడిచి చిట్టెం దిబ్బలు, మూస ముక్కలు, కమ్మరుల జ్ఞాపకాలు పోగుచేశారు. వాళ్లు చూసిన దిబ్బలు ఏటా తగ్గుతున్నాయి. పొలం చదునులో కొన్ని, రోడ్డు కింద పరచిన చిట్టెంగా కొన్ని, ఇళ్ల పునాదుల్లో కొన్ని కలిసిపోతున్నాయి.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ ఊళ్లలో మీకు పొలం ఉంటే, దున్నేటప్పుడు బరువైన నల్ల రాళ్లు, లోపల నలుపు, పైన గాజు మెరుపు ఉన్న మట్టి పెంకులు తగిలితే వాటిని పారేయకండి. ఇంటికీ తీసుకుపోకండి. ఉన్న చోటే ఉంచి ఫొటో తీసి, పురావస్తు శాఖకో, దగ్గరి కాలేజీ చరిత్ర అధ్యాపకులకో చెప్పండి. మూస ముక్క విలువ అది దొరికిన చోటుతో ముడిపడి ఉంది. చోటు పోతే అది ఉత్త పెంకు. ఊళ్లో కమ్మరి పెద్దలుంటే కూర్చోబెట్టి అడగండి, వాళ్ల తాతలు మట్టిని ఏ గుట్ట నుంచి తెచ్చేవారో రాసి పెట్టుకోండి.

లోకం మెచ్చిన కత్తులు ఇస్తాంబుల్, లండన్, పారిస్ మ్యూజియాల అద్దాల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. ఆ ఉక్కును కన్న మూసలు మన పొలాల్లో, మన కాళ్ల కింద ఉన్నాయి. వాటిని కాపాడుకోవలసింది మనమే.